దొంగ నొప్పులా, కాన్పు నొప్పులా? కృష్ణా డెల్టాలో ఒక పాత ప్రశ్న, దాని ఆధారాలు

నెలలు నిండుతున్న గర్భిణికి ఉన్నట్టుండి పొట్ట గట్టిపడి, నడుం లాగి, కాసేపటికి సర్దుకుంటే ఇంట్లో మొదట పుట్టే సందేహం ఒక్కటే: ఇవి కాన్పు నొప్పులా, దొంగ నొప్పులా? విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంటులోనైనా, నాగాయలంక అవతల ఎదురుమొండి దీవిలోనైనా సందేహం ఇదే. అంచనా తప్పితే జరిగేది మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. మొదటి చోట ఆసుపత్రికి ఒక తిరుగుడు దండగవుతుంది. రెండో చోట రేవు దాటేలోపే కాన్పు కావచ్చు. ఈ రెండు నొప్పులనూ వేరు చేసే గుర్తులు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుంది, డెల్టా పరిస్థితులకు ఎంత పనికొస్తుంది అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

1. పాత ఆధారాలు

మన దేశంలో ఈ విషయం గురించి వివరంగా చెప్పిన పాత గ్రంథాల్లో చరక సంహిత ఒకటి. దాని కాలం గురించి పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. క్రీస్తు శకం తొలి శతాబ్దాలకు అటూ ఇటూ అనుకోవడం క్షేమం. శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో కాన్పు దగ్గరపడిన స్త్రీ లక్షణాలు ఉన్నాయి: ఒంటి అలసట, ముఖం వాడిపోవడం, ఎద దగ్గర కట్టు వదిలినట్టు ఉండటం, కడుపు కిందికి జారడం, నడుములోనూ పొత్తికడుపులోనూ నొప్పి, స్రావం, అన్నం సయించకపోవడం. అసలైన ప్రసవ వేదన, ఉమ్మనీరు పోవడం వీటి తర్వాత వస్తాయని గ్రంథం చెబుతుంది. అంటే కాన్పు దగ్గరపడటం, కాన్పు మొదలుకావడం రెండు వేర్వేరు దశలన్న ఎరుక అప్పటికే ఉన్నట్టు కనిపిస్తుంది. వేదన రాకముందే ముక్కవద్దని గర్భిణిని హెచ్చరించాలనీ, అలా ముక్కడం వృథా అనీ, బిడ్డకు చేటు అనీ అక్కడే ఉంది. నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధిని లెక్కపెట్టడం మాత్రం ఆ లక్షణాల్లో లేదు.

అదే అధ్యాయంలో ఒక అభిప్రాయభేదం కూడా నమోదైంది. నొప్పులు పడుతున్నా కాన్పు కాకపోతే రోకలి పట్టించి ధాన్యం దంచించాలని కొందరి మతం. గ్రంథంలో ఉపదేశకుడైన ఆత్రేయుడు దాన్ని ఒప్పుకోడు. గర్భిణికి, అందులోనూ కాన్పు వేళ, అంత శ్రమ ప్రమాదమంటాడు. నడకను మాత్రం సమ్మతిస్తాడు. రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టి ఒకదాన్ని తోసిపుచ్చిన పద్ధతి గమనించదగినది. నడక విషయంలో ఇప్పటి ఆధారాలు ఆయనకు విరుద్ధంగా లేవు. ఒకే విషయం మీది వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షల్లో 2013లో వెలువడినది ఒకటి 25 అధ్యయనాలను, సుమారు 5,200 మంది స్త్రీల వివరాలను పరిశీలించింది. నొప్పుల తొలిదశలో నిలబడి, నడుస్తూ ఉన్నవారికి, పడుకుని ఉన్నవారికంటే ఆ దశ సగటున గంటా 22 నిమిషాలు తగ్గినట్టు లెక్కగట్టింది.

2. పాశ్చాత్య ఆధారాల్లో ఒక పొరపాటు కలయిక

దొంగ నొప్పులన్నా, బ్రాక్స్‌టన్ హిక్స్ నొప్పులన్నా ఒకటేనని ఇప్పటి పుస్తకాలు చాలావరకు రాస్తాయి. మూలాలు చూస్తే అంత సూటిగా లేదు. నిజమైన నొప్పులు, నిజం కాని నొప్పులు అన్న విభజన బ్రిటన్ వైద్యుడు విలియం స్మెల్లీ 1752 నాటి ప్రసూతి గ్రంథంలోనే ఉంది. రెండో పేరుకు మూలమైన జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ పత్రం అచ్చయింది 1872లో. (కొన్ని చోట్ల 1871 అని కనిపించడానికి లండన్ ప్రసూతి సంఘం సంపుటాల మీది సంవత్సరం కారణం కావచ్చు.) హిక్స్ ఆ పత్రం రాసింది కాన్పు మొదలైందో లేదో తేల్చడానికి కాదు. గర్భసంచి నెలలు నిండకముందు నుంచీ, దాదాపు మూడో నెల నుంచే, ఉండుండి బిగుసుకుంటుందని ఆయన గమనించాడు. కడుపులో ఉన్నది గర్భమా, కణితా అని తేల్చడానికి ఆ బిగుసుకోవడాన్ని గుర్తుగా వాడుకోవచ్చన్నాడు. ఆయన వర్ణించినవి చాలావరకు నొప్పి లేని బిగింపులు. కాబట్టి నొప్పి లేకుండా పొట్ట గట్టిపడటం ఒకటి, నొప్పి ఉండి కూడా కాన్పు దాకా వెళ్ళకపోవడం మరొకటి. ఈ రెండూ ఒకే పేరు కింద కలిసిపోవడం వల్ల ‘నొప్పి ఉంది కాబట్టి ఇవి దొంగ నొప్పులు కావు’ అన్న తప్పు అంచనాకు తావు దొరుకుతోందని తోస్తుంది.

1950 ప్రాంతంలో ఉరుగ్వేలోని మాంటెవీడియోలో అల్వారెజ్, కాల్డేరో-బార్సియా గర్భసంచి లోపలి ఒత్తిడిని యంత్రంతో నమోదు చేయగలిగారు. చివరి వారాల్లో ఈ బిగింపులు క్రమంగా పెరుగుతాయనీ, కాన్పు నొప్పులుగా నెమ్మదిగా మారతాయనీ వాళ్ళ రేఖలు చూపాయి. ఇది ముఖ్యమైన ఆధారం. రెండింటి మధ్య గీత గీసినట్టు హద్దు లేకపోవచ్చునని దీన్నిబట్టి అనుకోవాలి. హద్దే పలచనైనప్పుడు ఇంట్లో వాళ్ళు తేల్చుకోలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

3. ఏఎన్ఎం చేతిలోని పట్టిక

కేంద్ర ఆరోగ్య శాఖ 2010 ఏప్రిల్‌లో ఏఎన్ఎంలకు (గ్రామ స్థాయి ఆరోగ్య కార్యకర్తలకు), స్టాఫ్ నర్సులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ రెండు నొప్పులనూ ఎదురెదురుగా పెట్టిన పట్టిక ఉంది. దాని ప్రకారం నిజమైన నొప్పులు మొదట అటూ ఇటూగా ఉన్నా తర్వాత క్రమం పట్టుకుంటాయి. నడుంలో మొదలై ముందుకు చుట్టుకొస్తాయి. నడిచినా పడుకున్నా ఆగవు. తీవ్రత, నిడివి పెరుగుతూ పోతాయి. ఎరుపు కలిసిన జిగురు కనిపిస్తుంది. గర్భసంచి ముఖద్వారం తెరుచుకుంటుంది. దొంగ నొప్పులు క్రమం పట్టవు, పొట్టకూ గజ్జలకూ పరిమితమవుతాయి, నడిస్తేనో నిద్రపడితేనో పోతాయి, ముఖద్వారంలో మార్పు తేవు.

పట్టిక ఉపయోగకరమైనదే. అయితే అందులోని గుర్తులన్నిటికీ సమానమైన బరువు ఇవ్వలేం.

నడుం నొప్పి బలహీనమైన గుర్తు. చివరి నెలల్లో నడుం నొప్పి లేని గర్భిణులు తక్కువ. పొత్తికడుపులోనే నొప్పి వచ్చి కాన్పయిన వాళ్ళూ ఉంటారు. ఎరుపు జిగురు కాన్పుకు కొన్ని రోజుల ముందే కనిపించవచ్చు. లోపలి పరీక్ష చేశాక కూడా కొంచెం ఎరుపు కనిపించడం మామూలే. క్రమం కొంత మెరుగైన గుర్తు, కానీ దొంగ నొప్పులు కూడా గంటో రెండు గంటలో క్రమంగా వచ్చి ఆగిపోవచ్చు. వీటన్నిటికంటే గట్టిగా నిలిచేది పెరుగుదల. నొప్పుల మధ్య ఎడం తగ్గుతూ, ఒక్కో నొప్పి నిడివి పెరుగుతూ, మాట్లాడుతున్న మనిషి నొప్పి వచ్చినప్పుడు మాట ఆపేసే స్థితికి చేరడం అన్నమాట.

దీన్ని ఇంట్లో చూసే పద్ధతి కష్టమేమీ కాదు. అరచెయ్యి బొడ్డుకు పైన ఆనించి ఉంచాలి. నర్సులకు నేర్పే కొలత ఒకటుంది: వేలితో నొక్కితే ముక్కు కొనలా మెత్తగా ఉంటే బిగింపు స్వల్పం, గడ్డంలా ఉంటే మధ్యస్థం, నుదురులా గట్టిగా ఉంటే బలమైనది. ఒక నొప్పి మొదలైన క్షణం నుంచి తర్వాతి నొప్పి మొదలైన క్షణం వరకు కొలవాలి. చాలా ఇళ్ళలో నొప్పి తగ్గిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, దాంతో ఎడం నిమిషం తక్కువగా కనిపిస్తుంది. ఉదాహరణకు రాత్రి 2:10, 2:22, 2:29, 2:47, 2:55 అని కాగితం మీద పడితే ఎడం 12, 7, 18, 8 నిమిషాలు. అందులో పోకడ ఏదీ లేదు. 2:10, 2:19, 2:27, 2:34, 2:40 అని పడితే ఎడం 9, 8, 7, 6. రెండు కాగితాల్లోనూ నొప్పులు అయిదే, అరగంటకూ ముప్పావుగంటకూ మధ్య వచ్చినవే. రెండో కాగితం ఉన్న ఇంట్లో మాత్రం బండి సంగతి చూడాలి.

ఇలా నేర్పితే లాభం ఉందా? కొంత ఉన్నట్టే. నొప్పుల గుర్తులను గర్భిణులకు ముందే బోధించి, 245 మంది స్త్రీల మీద జరిపిన ఒక అమెరికన్ అధ్యయనంలో కాన్పు మొదలుకాకముందే ఆసుపత్రికి వచ్చి తిరిగి వెళ్ళడం తగ్గింది. అయితే ఈ విషయం మీది కాక్రేన్ సమీక్షకు దొరికిన అధ్యయనం అదొక్కటే. ఒక్క అధ్యయనం మీద పెద్ద మాట చెప్పకూడదు.

4. సెంటీమీటర్ల దగ్గర తేడా

అంతిమ సాక్ష్యం ముఖద్వారం తెరుచుకోవడమేనని అందరూ ఒప్పుకుంటారు. ఎంత తెరుచుకుంటే కాన్పు జోరందుకున్నట్టు అన్నదగ్గర మాత్రం పుస్తకాలు విడిపోతాయి. ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 1955లో 500 మంది తొలిచూలు స్త్రీల లెక్కలతో గీసిన రేఖ ఆధారంగా 3, 4 సెంటీమీటర్ల దగ్గర వేగం అందుకుంటుందన్న భావన స్థిరపడింది. 2010 నాటి మన మార్గదర్శకాలు కాన్పు సాగే తీరును గీసే రేఖాచిత్రాన్ని 4 సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టమన్నాయి. అదే ఏడాది జాంగ్ బృందం అమెరికాలో 19 ఆసుపత్రుల్లోని 62,415 కాన్పులను పరిశీలించి, చాలామందిలో 6 సెంటీమీటర్ల దాకా వేగం రాదని చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో 5 సెంటీమీటర్లను హద్దుగా తీసుకుంది.

నాలుగు సెంటీమీటర్ల దగ్గరున్న ఒకే స్త్రీ ఒక పుస్తకం ప్రకారం కాన్పు మధ్యలో ఉంది, మరో పుస్తకం ప్రకారం ఇంకా వాకిట్లోనే ఉంది. ఇది కేవలం పండితుల తర్జనభర్జన కాదు. తొందరగా చేర్చుకున్న స్త్రీ గంటలు గడిచినా ముందుకు సాగకపోతే ‘కాన్పు సాగడం లేదు’ అన్న నిర్ణయానికి, అక్కడి నుంచి ఆపరేషన్‌కు దారి పడవచ్చు. జోరందుకోకముందే చేరినవారిలో జోక్యాలు ఎక్కువని పరిశీలనాత్మక అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే చేర్చుకోవడమే కారణమా, లేక కష్టంగా సాగే కాన్పుల స్త్రీలే ముందుగా వస్తున్నారా అన్నది వాటితో తేలదు. జోరందుకునే దాకా చేర్చుకోకూడదన్న విధానాన్ని పరిశోధనల పరిధిలో తప్ప అమలు చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఆ జాగ్రత్త సబబుగానే ఉంది.

ఫ్రీడ్‌మన్ నుంచి వచ్చిన మరో లెక్క ఇక్కడ చాలా విలువైనది. జోరందుకోకముందు దశ మరీ పొడుగ్గా సాగుతున్న స్త్రీలకు మత్తుమందుతో విశ్రాంతినిస్తే, లేచేసరికి దాదాపు 85 శాతం మంది కాన్పు జోరులో ఉన్నారు. 10 శాతం మందికి నొప్పులే ఆగిపోయాయి. మిగిలిన 5 శాతం మందికి అలాగే బలం లేకుండా సాగాయి. ఆ 10 శాతం మందివి దొంగ నొప్పులని తెలిసింది అవి ఆగాకే. ఇప్పటివరకు చూసిన ఆధారాల నుంచి తేలే అంశం ఇదేనని ఈ వ్యాసకర్త భావన. నొప్పి పడుతున్న గంటలో దొంగదా నిజమైనదా అన్నదానికి ఖచ్చితమైన జవాబు చాలాసార్లు లేదు. ఆ జవాబు తర్వాత వస్తుంది. కాబట్టి ఇంట్లో తేల్చుకోవలసింది నొప్పి స్వభావం కాదు, ఈ మనిషి ఈ చోటు నుంచి ఇప్పుడు బయల్దేరాలా అన్నది.

5. ఇంటి పరీక్షలు, నెలల లెక్క

జీలకర్ర కషాయం తాగిస్తే దొంగ నొప్పులైతే తగ్గిపోతాయి, నిజమైనవైతే ఎక్కువవుతాయి అని పెద్దవాళ్ళు చెప్పడం తెలుగు ఇళ్ళలో ఉన్నదే. దీన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మూత్రాశయం నిండినప్పుడు గర్భసంచి చిరాకుగా బిగుసుకోవచ్చు. కాసిని వేడి ద్రవం తాగి, మూత్రానికి వెళ్ళొచ్చి, పక్కకు తిరిగి పడుకుంటే సర్దుకోవచ్చు. అంటే పని చేసింది జీలకర్రే అనడానికి ఆధారం చాలదు. ఆముదం సంగతి వేరు. కాన్పు రప్పించడానికి దాన్ని తాగించిన అధ్యయనాల్లో తాగిన స్త్రీలందరికీ వికారం కలిగింది. ప్రయోజనం రుజువు కాలేదు. అమావాస్యకూ పౌర్ణమికీ కాన్పులు ఎక్కువన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. నార్త్ కరోలైనాలో 1997 నుంచి 2001 వరకు జరిగిన 5,64,039 కాన్పులను చంద్రకళలతో పోల్చినా తేడా కనిపించలేదు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది నెలల లెక్కలో ఉంది. ‘తొమ్మిదో నెల పడింది, ఇక ఎప్పుడొచ్చినా పర్వాలేదు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆఖరి ముట్టు తేదీ నుంచి ఎనిమిది నెలలు నిండితే సుమారు 243 రోజులు, అంటే 34 వారాల 5 రోజులు. నెలలు నిండని కాన్పుకు హద్దు 37 వారాలు, 259 రోజులు. తొమ్మిదో నెల పడిన తర్వాత కూడా రెండు వారాలకు పైగా బిడ్డ ఆ హద్దుకు ఇవతలే ఉంటుందన్నమాట. ఆ రోజుల్లో క్రమంగా నొప్పులు వస్తే కాగితం మీద గంటసేపు రాసుకుంటూ కూర్చోవడం తగదు, వెంటనే చూపించాలి. ‘నీళ్ళు తాగితే పోతాయి’ అన్న సలహా కూడా అప్పుడు పనికిరాదు. నెలలు నిండకముందు వచ్చే నొప్పులకు నరం ద్వారా సెలైన్ ఎక్కించినా విశ్రాంతి కంటే అదనపు మేలు కనిపించలేదని రెండు అధ్యయనాల సమీక్ష చెబుతోంది.

విజయవాడ ఎండలను ఇక్కడ గుర్తుచేయాలి. 27 దేశాల్లోని 70 అధ్యయనాలను కలిపి 2020లో వెలువడిన సమీక్ష, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పుల అవకాశం సుమారు 5 శాతం పెరుగుతున్నట్టు చూపింది. ఇది సంబంధాన్ని చూపే లెక్కే తప్ప కారణానికి రుజువు కాదు. అయినా మే నెలలో ఎనిమిదో నెల గర్భిణికి వచ్చే నొప్పులను ‘ఎండ వేడికి’ అని తీసిపారేయకూడదు.

6. నియమం ఎవరిది, డెల్టా ఎవరిది

నొప్పి అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరాలన్న నియమం ఇప్పుడు ఫోన్లలోనూ ప్రచారంలో ఉంది. ఇది ఎవరికి వర్తిస్తుందో చాలామంది చెప్పరు. తొలిచూలు, నెలలు నిండినది, ఒక్కటే బిడ్డ, తల కిందికి ఉన్నది, పాత కోత లేనిది, ఆసుపత్రి దగ్గర్లో ఉన్నది: ఇన్ని షరతులు దాని వెనక ఉన్నాయి.

ముందు పాత కోత సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందు అయిదేళ్ళలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. ఆపరేషన్లు మొత్తం కాన్పుల్లో 42.4 శాతం; ప్రైవేటులో 63.0, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతం. ఆ ఆపరేషన్లు అవసరమా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడికి సంబంధించినంతవరకు అర్థం ఇది: మలిచూలు కాన్పుకు వస్తున్న స్త్రీలలో గర్భసంచి మీద కుట్టు ఉన్నవాళ్ళు చాలామంది. ఒక ఆపరేషన్ తర్వాత నొప్పులు పడేటప్పుడు ఆ కుట్టు విచ్చే ప్రమాదం వెయ్యి మందిలో అయిదు నుంచి తొమ్మిది మందికి ఉంటుందని అంచనా. సంఖ్య చిన్నదే. కానీ విచ్చితే నిమిషాల వ్యవహారం. అలాంటి స్త్రీ గంటసేపు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో ఉండటానికి లేదు. నొప్పులు క్రమం పట్టాయన్న అనుమానం చాలు.

రెండోది దూరం. అవనిగడ్డ నుంచి కరకట్ట మీద విజయవాడ అరవై కిలోమీటర్ల పైనే. ఎదురుమొండి వాళ్ళు ముందు ఏటిమొగ రేవుకు నీళ్ళు దాటాలి. మలిచూలు కాన్పు తొలిచూలు కంటే వేగంగా అవుతుందన్నది అందరికీ తెలిసినదే. ఆ వేగానికి రేవు దాటించే పంటు వేళలు సర్దుకోవు. నగరంలోనూ దారి ఎప్పుడూ తెరిచి ఉంటుందనుకోలేం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు పడవలే దిక్కయ్యాయి. ఇంకొక అంశం తరచూ మరుగున పడుతుంది. 108 ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి, 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ప్రధానంగా కాన్పయ్యాక ఇంటికి దింపే బండి. అర్ధరాత్రి ఏ నంబరు నొక్కాలో అప్పుడు ఆలోచించకూడదు.

దూరం సమస్యకు రాష్ట్రంలోనే ఒక జవాబు ఉంది. 2018లో ఉత్తరాంధ్రలోని సాలూరులో కొండ గూడేల గర్భిణుల కోసం వసతి గృహం తెరిచారు. నొప్పులు రాకముందే వాళ్ళను ఆసుపత్రికి దగ్గరగా తెచ్చి ఉంచడం ఉద్దేశం. అక్కడ నొప్పి దొంగదా నిజమైనదా అన్న ప్రశ్న వేసుకునే భారం ఇంటివాళ్ళ మీద ఉండదు. ఇలాంటి గృహాలను మారుమూల ప్రాంతాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. వీటి మీద యాదృచ్ఛిక పరీక్షలేవీ కాక్రేన్ సమీక్షకు దొరకలేదు కాబట్టి గట్టి రుజువు ఉందనలేం. అయినా డెల్టాలోని దివిసీమ లంకల వాళ్ళకు ఇది కొండల వాళ్ళకంటే తక్కువ అవసరమని అనుకోవడానికి కారణం కనిపించదు.

7. ఏ లెక్కకూ అందనివి

కొన్నిటికి వ్యవధులు లెక్కపెట్టే పనే లేదు. నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోవడం, ఆ నీరు పచ్చగా ఉండటం, ముట్టులా రక్తం పోవడం, నొప్పికీ నొప్పికీ మధ్య పొట్ట మెత్తబడకపోవడం, తలనొప్పితో చూపు మసకబారడం, ఫిట్స్, పన్నెండు గంటలు దాటిన నొప్పులు: వీటిలో చాలావరకు తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే ఉన్నాయి. బిడ్డ కదలిక తగ్గడాన్ని కూడా వీటితో చేర్చాలి. కాన్పు దగ్గరపడితే బిడ్డ కదలడం మానేస్తుందన్న మాట నిజం కాదు. నొప్పులు దొంగవే అయినా, కదలిక తగ్గితే అదే బయల్దేరడానికి కారణం.

ఆసుపత్రికి వెళ్ళి ‘ఇంకా టైముంది’ అని వెనక్కి పంపితే ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ముఖద్వారం మారుతోందా అన్నది ఒక్క పరీక్షతో తేలదు. కొన్ని గంటల తేడాతో చేసిన రెండు పరీక్షలు కావాలి. డెల్టాలో ఆ రెండూ ఒకే చోట, ఒకే చేతిమీద జరుగుతాయన్న నమ్మకం లేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి నెలనెలా చూపించుకున్నది హైదరాబాద్‌లో కావచ్చు, మొదటి పరీక్ష మండలంలోని పీహెచ్‌సీలో, రెండోది మచిలీపట్నంలోనో విజయవాడలోనో. మొదట చూసినవాళ్ళు ఎన్ని సెంటీమీటర్లు, ఏ గంటకు అన్నది కార్డు మీద రాయకపోతే రెండోసారి చూసినవాళ్ళకు పోల్చడానికి ఏమీ ఉండదు. ‘ఎంత తెరుచుకుంది, టైము వేసి ఇక్కడ రాయండమ్మా’ అని నర్సమ్మను అడిగి, ఆ కార్డు సంచిలో పెట్టుకుని బయటికి రావాలి.